భాగహారం చేసిన లాభం

పెద్ద టెక్నాలజీ కంపెనీ త్రైమాసిక ఫలితాలు రాగానే విశ్లేషకుల చూపు ముందుగా పడేది ఈపీఎస్ మీద, అంటే ఒక్కో షేరుకు వచ్చిన లాభం మీద. అది అంచనాను దాటితే పనితీరు బాగున్నట్టు, దాటకపోతే దెబ్బతిన్నట్టు తీర్పు వెలువడుతుంది. కంపెనీ ఆరోగ్యాన్ని ఈ ఒక్క అంకె చెబుతుందన్న నమ్మకం తప్పు. యాపిల్ సొంత లెక్కలే దాన్ని ఖండిస్తున్నాయి.

నికర లాభాన్ని షేర్ల సంఖ్యతో భాగిస్తే వచ్చేదే ఈపీఎస్. భాగఫలం రెండు విధాలుగా పెరుగుతుంది: విభాజ్యం పెరిగినా, విభాజకం తగ్గినా. లాభం పెరగాలంటే సరుకు అమ్ముడుపోవాలి. షేర్లు తగ్గాలంటే కంపెనీ తన డబ్బుతో వాటిని తిరిగి కొని రద్దు చేస్తే చాలు. మొదటిది వ్యాపార ఫలితం, రెండోది ఖజానా నిర్ణయం. ఈపీఎస్ ఈ రెంటినీ కలిపేస్తుంది.

2022 ఆర్థిక సంవత్సరంలో యాపిల్ ఆదాయం సుమారు 39,430 కోట్ల డాలర్లు, నికర లాభం 9,980 కోట్లు. మరుసటి ఏడు ఆదాయం 38,330 కోట్లకు, లాభం 9,700 కోట్లకు తగ్గాయి. ఈపీఎస్ మాత్రం 6.11 డాలర్ల నుంచి 6.13కు పెరిగింది. కారణం, సగటు షేర్ల సంఖ్య 1,633 కోట్ల నుంచి 1,581 కోట్లకు పడిపోవడమే. ఆ ఏడాది షేర్ల కొనుగోలుకు కంపెనీ దాదాపు 7,750 కోట్ల డాలర్లు వెచ్చించింది. పరిశోధన, అభివృద్ధికి పెట్టిన ఖర్చు దాదాపు 3,000 కోట్లు.

2024 మార్చి త్రైమాసికంలోనూ ఇదే జరిగింది. ఏడాది క్రితంతో పోలిస్తే ఆదాయం 4 శాతం, ఐఫోన్ ఆదాయం 10 శాతం తగ్గాయి. నికర లాభం 2,416 కోట్ల నుంచి 2,364 కోట్లకు దిగింది. ఈపీఎస్ 1.52 నుంచి 1.53కు ఎక్కి, విశ్లేషకుల అంచనాను దాటింది. అదే రోజు కంపెనీ 11,000 కోట్ల డాలర్ల షేర్ల కొనుగోలు ప్రకటించింది. మర్నాడు షేరు ధర సుమారు 6 శాతం పెరిగింది.

మిగులు డబ్బును వాటాదారులకు తిరిగి ఇవ్వడం తప్పేమీ కాదన్న వాదన సమంజసమే. వారెన్ బఫెట్ సంస్థ బెర్క్‌షైర్‌కు యాపిల్‌లో ఉన్న వాటా 2021లో 5.39 శాతం నుంచి 5.55 శాతానికి పెరిగింది ఈ కొనుగోళ్ల వల్లే. అయితే ఇది వాటాదారుకు కలిగిన మేలు. కంపెనీ సరుకుకు గిరాకీ పెరిగిందా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి వచ్చిన జవాబును రెండోదానికి అంటగట్టడమే విశ్లేషకుల పొరపాటు.

ఈ కొలత ఎదురు దిశలోనూ తప్పుదారి పట్టిస్తుంది. 2024 సెప్టెంబర్ త్రైమాసికంలో యాపిల్ ఆదాయం 6 శాతం పెరిగింది. ఈపీఎస్ మాత్రం 1.46 నుంచి 0.97 డాలర్లకు కూలింది. ఐర్లండ్ పన్ను వివాదంలో ఐరోపా అత్యున్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు వల్ల ఒక్కసారిగా పడిన పన్ను భారమే దీనికి కారణం. వ్యాపారం తగ్గిన ఏడాది పెరిగిన అంకె, పెరిగిన త్రైమాసికంలో పడిపోయింది.

పనితీరు తెలియాలంటే ఆదాయం ఏ విభాగం నుంచి వచ్చిందో, అమ్మకాల సంఖ్య వల్ల పెరిగిందో ధర వల్ల పెరిగిందో, నికర లాభం ఎంతో, షేర్లు ఎన్ని తగ్గాయో విడివిడిగా చూడాలి. ఎన్ని ఐఫోన్లు అమ్మిందీ చెప్పడం యాపిల్ 2018 చివర్లో మానేసింది కాబట్టి ఈ పని మరింత కష్టమైంది, మరింత అవసరమైంది కూడా. నికర లాభాన్ని, షేర్ల సంఖ్యను పక్కనే చూపకుండా ఈపీఎస్‌ను మాత్రమే చూపే విశ్లేషణ షేరు గురించి చెబుతుందే తప్ప కంపెనీ గురించి చెప్పదు.