పప్పు మీద పడ్డ నింద

ఆపరేషన్ అయినవారికి పప్పు పెడితే కుట్లకు చీము పడుతుందనే నమ్మకం తెలుగు ఇళ్లలో, హైదరాబాదు వంటి నగరంలో సైతం, చదువుతో నిమిత్తం లేకుండా నిలిచి ఉంది. జ్వరం కూడా తగిలితే లంఖణం పరమౌషధమన్న సామెత దానికి తోడై, గాయం మానడానికి మాంసకృత్తులు అత్యవసరమైన రోజుల్లోనే రోగి చారు మెతుకులతో సరిపెట్టుకోవలసి వస్తుంది. చీముకు కారణం స్టెఫైలోకాకస్ వంటి బ్యాక్టీరియాయే గాని కందిపప్పు కాదు. చీముతో రంగూ చిక్కదనమూ కలిసినంత మాత్రాన నేరం రుజువైతే మజ్జిగపులుసును కూడా అనుమానించవలసి ఉంటుంది.

ఇక జ్వరం విషయానికి వస్తే, కోతకు దెబ్బతిన్న కణజాలం సైటోకైన్లనే రసాయనాలను విడుదల చేస్తుంది. శరీర ఉష్ణోగ్రతను నియంత్రించే మెదడు భాగం మీద అవి పనిచేయడం వల్ల మొదటి 48 గంటల్లో వచ్చే జ్వరం చాలావరకు ఏ సూక్ష్మజీవి ప్రమేయమూ లేకుండానే వచ్చి పోతుంది. మూడో రోజు దాటితే మూత్రం కోసం వేసిన గొట్టాన్నీ ఊపిరితిత్తులనూ, ఐదో రోజు తర్వాత గాయాన్నీ కాలి సిరలో గడ్డకట్టిన రక్తాన్నీ అనుమానించాలి గనుక, జ్వరం ఎంతన్నదానితో పాటు అది ఎన్నో రోజున వచ్చిందన్నదీ వైద్యుడికి తెలియాలి.

కోవిడ్ ఈ లెక్కను చెదరగొట్టింది. వైరస్ సోకిన 2 నుంచి 14 రోజుల్లో లక్షణాలు బయటపడతాయి కాబట్టి, ఐదో రోజు జ్వరం గాయానిదో వైరస్‌దో పరీక్ష లేకుండా తేలదు. 2021 మేలో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి జ్వర సర్వే జరిపి, లక్షణాలున్నవారికి పరీక్ష ఫలితం కోసం ఆగకుండా మందుల కిట్లు పంచింది. ఆసుపత్రులు కిక్కిరిసిన వేళ అది అర్థం చేసుకోదగిన ఏర్పాటే అయినా, కుట్లు మానని మనిషి కరోనా వార్డు భయంతో పారాసిటమాల్ వేసుకుని జ్వరాన్ని దాచుకోవడం వేరే సంగతి; ఆ జ్వరం వైరస్‌దైతే అది ప్రాణాల మీదికే వస్తుంది. ఆపరేషన్‌కు 7 రోజుల ముందు నుంచి 30 రోజుల తర్వాత వరకు వైరస్ నిర్ధారణ అయిన 1,128 మందిని 24 దేశాల్లో పరిశీలించి 2020లో లాన్సెట్ పత్రికలో వెలువరించిన అధ్యయనంలో 23.8 శాతం మంది నెలలోపే మరణించారు. సగానికి పైగా ఊపిరితిత్తుల సమస్యల పాలయ్యారు.

నమ్మకాలు వంటింటికే పరిమితం కావు. తొలి రోజుల జ్వరానికి అటెలెక్టాసిస్, అంటే ఊపిరితిత్తుల్లోని గాలి గదులు ముడుచుకుపోవడం, కారణమని వైద్య విద్యార్థులు తరతరాలుగా వల్లె వేశారు. ఎనిమిది అధ్యయనాలను సమీక్షించి 2011లో చెస్ట్ పత్రికలో వెలువరించిన వ్యాసంలో ఆ సంబంధం కనిపించలేదు. గాఢంగా ఊపిరి తీసే వ్యాయామం రోగికి మేలే గాని, మహమ్మారి కాలంలో జ్వరాన్ని ఆ పేరుతో సరిపుచ్చుకున్న వార్డులో ముక్కు నుంచి తీయవలసిన నమూనా తీయకుండానే మిగిలిపోయేది; పక్క మంచం రోగికి వైరస్ సోకడానికి ఆ జాప్యం చాలు.