నైట్ సిస్టరు మాట

మొన్నామధ్య నాన్నగారిని ఓ ఆసుపత్రిలో చేర్పించి నాలుగు రాత్రులు కాపలా కాశాను. (ఏ ఆసుపత్రి అని అడక్కండి.) రెండో రాత్రి ఒంటిగంటకి సిస్టరు వచ్చి చూసి, "సార్, బీపీ తగ్గుతోంది, యూరిన్ కూడా సరిగా రావట్లేదు" అని డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుకి చెప్పింది. ఆ అబ్బాయి పుస్తకంలోంచి తలెత్తకుండా "సాయంత్రం డాక్టరేమీ చెప్పలేదే, చూద్దాం" అన్నాడు. మూడింటికి ఆవిడే పెద్ద డాక్టరుకి ఫోన్ చేసింది. ఆయన సెలైన్ పెంచమని, బీపీ మాత్ర ఆపమని చెప్పాడు. తెల్లారేసరికి నాన్నగారు తేరుకున్నారు. తీరా చూస్తే సాయంత్రం డాక్టరు కేస్‌షీట్‌లో అంతా రాసే వెళ్ళాడు. ఆయన నోటితో చెప్పలేదు, ఈయన చదవలేదు. అంతే!

నా మొదటి ఉద్యోగం ప్రొడక్షన్ సపోర్టు. షిఫ్టు దిగేటప్పుడు ఓపెన్ టికెట్లన్నీ చదివి వినిపించందే మా లీడు క్యాబ్ ఎక్కనిచ్చేవాడు కాదు. ఎవడిదో బిల్లింగ్ రిపోర్టు కోసం అంత హడావిడి!

ఆ అబ్బాయిని మాత్రం ఏమంటాం? ఇంటర్ నుంచీ ర్యాంకుల గోలే. నాలుగున్నరేళ్ళ ఎంబీబీఎస్ తర్వాత ఏడాది హౌస్ సర్జన్సీ, ఆ ఏడాదీ పీజీ సీటు కోసం చదువే. పక్కవాడు పోటీదారు. ఇక నర్సు మాట వినడం ఎవరు నేర్పారు కనక?

అనుభవం ఉన్న డాక్టర్లకీ ఇది తప్పలేదు. 2005లో ఇంగ్లండులో ఎలేన్ బ్రొమిలీ అనే ఆవిడ సైనస్ ఆపరేషన్‌కి వెళ్ళింది. మత్తిచ్చాక ఊపిరి అందలేదు. డాక్టర్లు గొట్టం వేయడానికే మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తున్నారు. ఒక నర్సు గొంతు దగ్గర కోసి దారి చేసే సామాను తెచ్చి పెట్టింది, మరొకరు ఐసీయూలో బెడ్ చెప్పారు. ఎవరూ పట్టించుకోలేదు. పదమూడు రోజులకి ఆవిడ పోయింది. భర్త మార్టిన్ పైలట్. కాక్‌పిట్‌లో కో-పైలట్ నోరు విప్పడం, కెప్టెన్ వినడం శిక్షణలో భాగమని తెలిసినవాడు. వైద్యంలోనూ అది రావాలని అప్పట్నుంచీ చెబుతూ వచ్చాడు.

మన దగ్గర 2019 బ్యాచి నుంచి ఎంబీబీఎస్‌లో నడవడిక, నైతికత, సంభాషణ పాఠాలు పెట్టారు. మంచిదే. కానీ మెడికోలని మాత్రమే కూర్చోబెట్టి టీంవర్క్ నేర్పడమంటే, టెస్టర్లు లేని గదిలో డెవలపర్లకి టెస్టర్లతో ఎలా మెలగాలో చెప్పినట్టే! హౌస్ సర్జన్సీ మొదటి వారంలో వీళ్ళనీ నర్సింగ్ విద్యార్థులనీ ఒకే వార్డులో నిలబెట్టి, డ్యూటీ అప్పగించడం రోజూ చేయించాలి. పేషెంటు ఎవరు, ఏమైంది, నాకేమనిపిస్తోంది, నువ్వేం చూడాలి... ఈ నాలుగు ముక్కలూ మంచం పక్కన నిలబడి చెప్పాలి. లాగ్‌బుక్‌లో సిస్టరు సంతకం కూడా ఉండాలి.

"ముప్ఫై ఆరు గంటల డ్యూటీలు చేసేవాళ్ళకి ఇవన్నీనా?" అన్నాడు మా డాక్టరు స్నేహితుడు. ఒరేయ్, అంతసేపు మేలుకున్నవాడికే కదరా రెండో జత కళ్ళు కావాల్సింది!

డిశ్చార్జి రోజు సిస్టరుకి థాంక్స్ చెబుదామని ఆ కుర్రాడిని ఆవిడ పేరడిగాను.

"నైట్ సిస్టరండీ" అన్నాడు.