ఆట మనది, కుర్చీ ఎవరిది?

అమెరికాలో క్లీవ్‌ల్యాండ్ బేస్‌బాల్ టీమ్ సంగతి చూడండి. 1947లో లారీ డోబీ అనే నల్లజాతి ఆటగాణ్ణి తీసుకున్నారు. నల్లజాతి మనిషికి మేనేజర్ కుర్చీ ఇచ్చింది మాత్రం 1975లో, ఫ్రాంక్ రాబిన్సన్‌కి. మేజర్ లీగ్ మొత్తంలో ఆయనే మొదటివాడు.

అప్పటికీ టీమ్ పేరు 'ఇండియన్స్'. దాని గుర్తు, అక్కడి ఆదివాసీని ఎగతాళి చేసే ఎర్రముఖం బొమ్మ. ఆదివాసులు ఏళ్ల తరబడి నిరసన చేస్తే, 2019లో జెర్సీ మీంచి బొమ్మ పోయింది, 2021 చివర్లో పేరు 'గార్డియన్స్' అయింది. ఇన్నేళ్లూ ఆపింది ఎవరు? ఆటగాళ్లు కాదు, ఆఫీసులో కూర్చున్నవాళ్లు.

మనలోనూ పరుగెత్తేవాళ్లు, విల్లు పట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. హాస్టల్ పిల్లలం మేం అనేది ఒక్కటే: గ్రౌండ్‌లోకి రావడం సగం పనే. కోచింగ్ కోర్సులకి, స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ సీట్లకి కూడా అప్లై చేద్దాం. సెలక్షన్ లిస్టు రాసే చెయ్యి కూడా మనదవ్వాలి.