ఈ వయసులో చదువేంటి?

పిల్లల పెళ్లిళ్లయిపోయాయి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా టీవీ తప్ప కాలక్షేపం లేదు. పెళ్లి కుదిరిందని అప్పుడెప్పుడో మానేసిన పదో తరగతి గుర్తొస్తుంది. 'పరీక్షకు కడితేనో' అని ఇంట్లో మెల్లిగా అంటే వచ్చే జవాబు మనకు తెలిసిందే. "ఈ వయసులో చదివి ఎవర్ని ఉద్ధరించాలి?" ఆ మాట భర్తే అనక్కర్లేదు. కోడలు అనొచ్చు, పక్కింటావిడ అనొచ్చు. చాలాసార్లు మనకు మనమే అనేసుకుంటాం.

ఎవర్నీ ఉద్ధరించక్కర్లేదు. రిటైరైన మగవాడు గీతా క్లాసుకు వెళ్తుంటే ఎవరికోసమని అడుగుతున్నామా?

మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఊహ తెలిశాక ఆమె ఆ పెళ్లి వద్దనుకున్నారు. ఉద్యమంలో జైళ్లకు వెళ్లొచ్చి, ఇరవై దాటాక బెనారస్ మెట్రిక్ ప్రైవేటుగా రాశారు. ఆ తర్వాతే బి.ఏ., మద్రాసులో లా. ఆడపిల్లల్ని ఆ మెట్రిక్‌కు తయారుచేయడానికి ఆమె చెప్పిన పాఠాల్లోంచే ఆంధ్ర మహిళా సభ పుట్టింది. కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా, చదువాగిపోయిన స్త్రీలకోసం 1958లో సంక్షిప్త కోర్సులు మొదలయ్యాయి. ఆవిడకు ఇరవయ్యేగా, నాకు యాభై అంటారా? కేరళలో కార్త్యాయని అమ్మ 2018లో అక్షరాస్యత పరీక్ష రాసి నూటికి 98 తెచ్చుకున్నారు. అప్పటికి ఆమె వయసు 96!

ఓపెన్ స్కూల్లో పదో తరగతికి పద్నాలుగేళ్లు నిండాలన్నారు గానీ, ఇంతకు మించకూడదనలేదు. రోజూ బడికి వెళ్లే పని లేదు. పాసైన సబ్జెక్టు మళ్లీ రాయక్కర్లేదు. చిక్కల్లా మరోచోట ఉంది. పాత బడి కాగితాల్లో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు! పుట్టిన తేదీ కూడా ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. దరఖాస్తుకు ముందే ఇది చూసుకోండి, తర్వాత తిరగలేరు.

ఉద్యోగం వస్తుందా అంటే, ప్రభుత్వ కొలువులకు వయోపరిమితి ఉంది. ఆ ఆశ పెట్టడం న్యాయం కాదు. కానీ కొడుకు తెచ్చిన రిజిస్ట్రేషను కాగితం మీద సంతకం పెట్టేముందు, "ఉండరా, చదవనీ" అనగలిగితే? యాభై ఏళ్లుగా చూపించినచోటల్లా పెట్టిన చెయ్యి అది. ఆ ఒక్క మాట అనడానికి కొందరు తల్లులకు ఎంత గుండెధైర్యం కావాలో!

ఇంకో సంగతి. చదువుకు తెలివి కంటే ముందు కావలసింది మనదైన వేళ. పుస్తకం తెరవగానే "కాఫీ" అని కేక వినబడే ఇంట్లో ఏ సబ్జెక్టూ బుర్రకెక్కదు. ఆ రెండు గంటలూ పిలవొద్దనీ, పరీక్ష రోజుల్లో టిఫిను ఎవరు చేయాలనీ ఫీజు కట్టే రోజే ఇంట్లో తేల్చుకోండి. హాల్‌టికెట్టు వచ్చాక చెబితే, అల్లం పచ్చడితో సహా అన్నీ చేసిపెట్టే పరీక్ష హాలుకు పరిగెత్తాల్సి వస్తుంది.