పుస్తకం మూశాక మొదలయ్యే చదువు

చదవడం ఒక పని, చదివినదాన్ని అడిగినప్పుడు చెప్పగలగడం మరో పని. పరీక్షకు కావలసింది రెండోది. పదో తరగతి పిల్లలు చలికాలం నుంచి మార్చి దాకా పడే శ్రమలో ఎక్కువ పాలు మాత్రం మొదటిదానికే పోతుంది. ఒకే పాఠాన్ని మూడోసారి, నాలుగోసారి చదువుతారు. రంగు పెన్నుతో గీతలు గీస్తారు. గైడులోని జవాబును నోట్సులోకి ఎక్కిస్తారు. చదివేకొద్దీ ఆ అక్షరాలు కళ్లకు అలవాటై, పాఠం వచ్చేసిందన్న నమ్మకం కలుగుతుంది. తీరా పరీక్ష హాల్లో కూర్చున్నాక ఆ జవాబు ఏ పేజీలో ఉందో, దాని పక్కన ఏ బొమ్మ ఉందో కూడా గుర్తుకొస్తుంది. జవాబు మాత్రం రాదు. ఇంట్లోవాళ్లు దాన్ని మతిమరుపంటారు, తెలివితక్కువతనమంటారు, శ్రద్ధ లేదంటారు. చాలామంది పిల్లల విషయంలో ఈ మూడూ నిజం కావు. చదివినదాన్ని పుస్తకం చూడకుండా బయటికి తీసే సాధన జరగలేదు, అంతే.

ఈ సంగతిని కొలిచి చూపిన ప్రయోగం ఒకటి 2006లో అచ్చయింది. అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ కాలేజీ విద్యార్థులను మూడు జట్లు చేసి ఒకే పాఠం ఇచ్చారు. మొదటి జట్టు దాన్ని నాలుగు విడతలూ చదివింది. రెండో జట్టు మూడు విడతలు చదివి, నాలుగో విడత గుర్తున్నది రాసింది. మూడో జట్టు ఒక్క విడతే చదివి, మిగిలిన మూడు విడతలూ కాగితం చూడకుండా రాసింది. అయిదు నిమిషాల తరువాత అడిగితే నాలుగు విడతలూ చదివినవాళ్లే ముందున్నారు: వాళ్లకు 83 శాతం గుర్తుంటే, మూడో జట్టుకు 71 శాతం. వారం తరువాత లెక్క తలకిందులైంది. నాలుగు విడతలు చదివినవాళ్లకు 40 శాతం మిగిలింది, ఒక్క విడత చదివి మూడు విడతలు రాసినవాళ్లకు 61 శాతం మిగిలింది. పరీక్ష ముందురోజు రాత్రి పుస్తకం తిరగేసి "అంతా వచ్చు" అని పడుకునే పిల్లవాడి ధైర్యం ఆ అయిదు నిమిషాల ఫలితం లాంటిది. మార్చిలో రాయబోయే పరీక్షకు డిసెంబరులో చదివే పిల్లకు పనికొచ్చేది వారం తరువాతి ఫలితం.

ఇది కొత్తగా తెలిసిన విషయమేమీ కాదు. 1917లోనే ఆర్థర్ గేట్స్ అనే అమెరికన్ పరిశోధకుడు బడిపిల్లలతో చేయించి చూసి, చదువుకునే సమయంలో సగానికి మించి పుస్తకం చూడకుండా చెప్పుకోవడానికి కేటాయిస్తేనే మేలని చెప్పాడు. తెలుగు వీధి బడుల్లో ఎక్కాలు, శతక పద్యాలు అప్పజెప్పించుకునేవారు. పిల్లవాడు ఇంటి దగ్గర ఎన్నిసార్లు చదివాడన్నది పంతులుకు పట్టేది కాదు; నిలబడి చెప్పాలి, అంతే. ఆ పద్ధతిలో అర్థం తెలియకుండా వల్లించే దోషం ఉండేది, బెత్తం దెబ్బల దోషం ఉండేది. ఆ రెంటినీ వదిలేసినందుకు సంతోషించాలి. వాటితోపాటు అప్పజెప్పడాన్నీ వదిలేయడం మాత్రం పొరపాటు.

అష్టావధానం చూసినవారికి ఈ సూత్రం ఇంకా తేటగా కనిపిస్తుంది. అవధాని సమస్యకు ఒక పాదం చెప్పి, దత్తపదికి మరో పాదం చెప్పి, వర్ణనకు వెళ్లి, మధ్యలో అప్రస్తుత ప్రసంగానికి జవాబిచ్చి, ఆ తరువాతి ఆవృత్తిలో మళ్లీ సమస్య దగ్గరికి వస్తాడు. మొదటి పాదాన్ని గుర్తు చేసుకుంటేనే రెండోది కుదురుతుంది. అలా నాలుగు ఆవృత్తులు గడిచేసరికి ప్రతి పద్యమూ ఎడం ఇచ్చి, అడ్డంకుల నడుమ, అనేకసార్లు మనసులో బయటికి తీసినదే. చివర ధారణలో పద్యాలన్నీ గడగడా చెప్పగలగడం వెనుక ప్రతిభ ఉంది, ఏళ్ల సాధన ఉంది, ఈ అమరిక కూడా ఉంది. అంత ప్రతిభ బడిపిల్లలకు అక్కర్లేదు. అమరికను మాత్రం అరువు తెచ్చుకోవచ్చు.

ఎడం ఎందుకంటే, మరుపు ఎలా పనిచేస్తుందో తెలిస్తే అర్థమవుతుంది. జర్మనీకి చెందిన హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల గుంపులను తానే కంఠస్థం చేసి, ఎంతసేపటికి ఎంత పోతోందో కొలిచి, 1885లో పుస్తకంగా ప్రచురించాడు. మరుపు మొదటి గంటల్లో వేగంగా సాగుతుంది, తరువాత నెమ్మదిస్తుంది. మరిచిపోబోతున్న దశలో మళ్లీ గుర్తు చేసుకుంటే ఆ తరువాతి మరుపు మందగిస్తుంది. అందుకే ఒక పాఠానికి ఒకే రోజు నాలుగు గంటలు పెట్టడం కంటే, అదే నాలుగు గంటలను ఈ రోజు, ఎల్లుండి, వచ్చే వారం, వచ్చే నెల అని పంచడం మేలు. జాన్ డన్‌లోస్కీ బృందం 2013లో విద్యార్థులు వాడే పది పద్ధతులను పరిశీలించి, అన్నిటికంటే ఎక్కువ ఫలమిచ్చేవి రెండేనని తేల్చింది: తనను తాను పరీక్షించుకోవడం, చదువును రోజుల మీద పంచుకోవడం. గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం తక్కువ ఫలమిచ్చేవాటిలో చేరాయి.

నెల్లూరు జిల్లా తోటపల్లి గూడూరు మండలంలో ఈ రెండు మాటలూ రొయ్యల గుంటల గట్టు మీద అందరికీ తెలిసినవే. రోజు మేతనంతా ఒక్కసారి గుంటలో పోస్తే రొయ్య తినదు, మేత అడుగున కుళ్లి నీళ్లు పాడవుతాయి. అందుకే పూటపూటకూ కొంచెం కొంచెం వేస్తారు. వేసి ఊరుకోరు, చెక్ ట్రే పైకి లాగి ఎంత తిన్నదో చూసి, తరువాతి పూట మేత తగ్గించాలో పెంచాలో తేలుస్తారు. రైతు పాటించే ఈ క్రమం ఆయన ఇంట్లో పదో తరగతి చదివే పిల్ల పుస్తకాల దగ్గరికి రావడం లేదు. అక్కడ నెలల చదువు ఒక్క నెలలో పోయడం, చూసుకోవడం మాత్రం పరీక్ష రోజునే.

ఈ తీరంలో చదువును ముందునుంచే పంచుకోవడానికి మరో గట్టి కారణం వాతావరణం. నెల్లూరుకు ఏడాది వానలో పెద్ద వాటా ఈశాన్య రుతుపవనాలదే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పడితే బడికి సెలవులు, కరెంటు కోతలు తప్పవు. 2021 నవంబరులో పెన్నా వరద, 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను చదువుల రోజులను మింగేశాయి. ఆ ముసురు తీరి కాస్త కుదురుకునేలోపు సంక్రాంతి, ఆ వెనుకే వరి కోతలు, కోతల రోజుల్లోనే పరీక్షలు. ప్రణాళికను జనవరిలో మొదలుపెట్టే పిల్లకు నిజంగా చేతిలో ఉండే రోజులు చాలా తక్కువ. జూన్, జులై నుంచి పాఠం అయిన రోజే ఒకసారి, వారానికి ఒకసారి, నెలకు ఒకసారి చూడకుండా రాసుకునే పిల్లకు వాన రోజులు పోయినా నష్టం చిన్నదే. కరెంటు లేని సాయంత్రం కూడా ఈ సాధన సాగుతుంది. చూడకుండా చెప్పుకోవడానికి దీపం అక్కర్లేదు కదా.

రోజువారీ పనిలో ఇది ఎలా ఉంటుందో చెప్పాలి. జీవశాస్త్రంలో మూత్రపిండంలోని నెఫ్రాన్ పాఠం అయింది. ఆ సాయంత్రం పాఠం ఒకసారి నిదానంగా చదివి, పుస్తకం మూసి, తెల్ల కాగితం మీద బొమ్మ గీసి భాగాల పేర్లు రాయాలి. తరువాతే పుస్తకం తెరిచి, తప్పినవాటిని ఎర్ర సిరాతో దిద్దుకోవాలి. రెండు రోజుల తరువాత మళ్లీ ఖాళీ కాగితం. ఎర్ర సిరా తగ్గుతూ పోతే అదే ప్రగతి. ఎక్కడెక్కడ తప్పు పోయిందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటే, పరీక్షల ముందు చదవాల్సింది పాఠ్యపుస్తకమంతా కాదు, ఆ పేజీలే. మొదట్లో ఇది కష్టంగా, అవమానంగా కూడా ఉంటుంది. సగం గుర్తుకు రాదు. ఆ గుర్తుకు రాని నిమిషంలో మనసు వెతుక్కుంటుందే, అసలు చదువు అదే. పిల్లలు ఆ నిమిషాన్ని తట్టుకోలేక పుస్తకం తెరిచేస్తారు. అక్కడ ఆగమని చెప్పే పెద్దలు కావాలి.

అర్థం కాని విషయం ఎంత సాధన చేసినా నిలవదు. అర్థం కావడానికి దగ్గరి దారి చుట్టూ కనిపించేదానితో కలపడం. ఆమ్లాలు, క్షారాల పాఠంలో పీహెచ్ విలువ ఏడు దాటితే క్షారమని చదివే పిల్లకు, నాన్న గుంటలో నీళ్ల పీహెచ్ చూసుకుని సున్నం ఎందుకు వేస్తున్నాడో అడిగితే పాఠం సగం వచ్చినట్టే. నీటిలో కరిగిన ఆక్సిజన్ తగ్గితే ఏరేటర్లు తిప్పే కారణం శ్వాసక్రియ పాఠంలో ఉంది. సహాయ నిరాకరణ ఉద్యమం చదివేటప్పుడు, 1921 ఏప్రిల్ 7న గాంధీజీ పక్కనున్న ఇందుకూరుపేట మండలం పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహ ఆశ్రమాన్ని ప్రారంభించారన్నది గుర్తు చేసుకుంటే ఆ కాలం మరి కలగాపులగం కాదు. కోడూరు సముద్రం పక్కన పెరిగిన పిల్లకు తీరమైదానాల పాఠం కంఠస్థం చేయాల్సిన పాఠమే కాదు.

ఇంగ్లిష్ మాధ్యమంలోకి మారిన పిల్లల ఇబ్బంది వేరు. ఇంగ్లిష్ వాక్యాన్ని అర్థం తెలియకుండా పట్టుబట్టి వల్లించి, మధ్యలో ఒక మాట జారితే మొత్తం పోగొట్టుకుంటున్నారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీలో ఇంగ్లిష్, ఎదురు పేజీలో తెలుగు ఉండేలా అచ్చు వేస్తున్నారు. ఇది పెద్ద వరం, వాడుకునేవాళ్లు తక్కువ. ముందు తెలుగు పేజీ చదివి విషయం గ్రహించి, ఇంగ్లిష్ పేజీలో ఆ విషయానికి వాడిన మాటలు పట్టుకుని, రెండూ మూసి సొంత ఇంగ్లిష్‌లో చిన్న వాక్యాలు రాయాలి. తెలుగు పేజీ చూడటం చిన్నతనం అనుకునే పిల్లలకు ఉపాధ్యాయులే చెప్పి ఆ సంకోచం పోగొట్టాలి.

లెక్కల్లో మరో జాగ్రత్త. ఒకే రకం లెక్కలు వరుసగా ఇరవై చేస్తే చేయి తిరుగుతుంది, కానీ ఏ సూత్రం వాడాలో ఆలోచించే అవసరమే రాదు. పరీక్షలో ఆలోచించాల్సింది అదే. డగ్ రోరర్, కెల్లీ టేలర్ 2007లో ప్రచురించిన ప్రయోగంలో ఘనపరిమాణం లెక్కలను ఒక్కో రకం విడివిడిగా చేసినవాళ్లు సాధనలో 89 శాతం సరిగా చేశారు. కలగలిపి చేసినవాళ్లు 60 శాతమే చేయగలిగారు. వారం తరువాతి పరీక్షలో విడివిడిగా చేసినవాళ్లకు 20 శాతం, కలిపి చేసినవాళ్లకు 63 శాతం వచ్చాయి. కాబట్టి సూత్రం తెలిశాక శంకువు, గోళం, స్తూపం లెక్కలను, వాటితో త్రికోణమితిని, పోయిన నెల చేసిన శ్రేఢులను కలిపేసి చేయాలి.

పాత ప్రశ్నపత్రాలను చదవడం కాదు, రాయాలి. పదో తరగతి వంద మార్కుల పేపరుకు ఇచ్చే సమయం 3 గంటల 15 నిమిషాలు. అందులో 15 నిమిషాలు ప్రశ్నపత్రం చదువుకోవడానికి. అంతసేపూ లేవకుండా కూర్చుని రాసే అలవాటు ఆదివారాల్లో చేసుకోవాలి. ఫోను ఆ వేళ వేరే గదిలో ఉండాలి. నిద్ర విషయంలో బేరం లేదు. 1924లో కార్నెల్ విశ్వవిద్యాలయంలో జెంకిన్స్, డాలెన్‌బాక్ చేసిన ప్రయోగంలో, నేర్చుకున్న వెంటనే నిద్రపోయినప్పుడు మేలుకుని ఉన్నప్పటి కంటే ఎక్కువ గుర్తుండటం కనిపించింది. నిద్రను కోసి చదివిన గంట సగం వృథా.

నెల్లూరు నగరంలో రెసిడెన్షియల్ చదువులు గంటల లెక్కను గొప్పగా చూపిస్తాయి. తెల్లవారుజామున లేపి రాత్రి పొద్దుపోయేదాకా కూర్చోబెట్టడమే క్రమశిక్షణ అని వరిగొండ, నరుకూరు లాంటి ఊళ్ల తల్లిదండ్రులు కూడా నమ్మి, అప్పు చేసి ఫీజులు కడుతున్నారు. అక్కడ ఫలితాలు వచ్చేచోట వాటికి పెద్ద కారణం వారంవారం పెట్టే పరీక్షలు, వాటిని దిద్ది చెప్పడం. కూర్చోబెట్టిన గంటలకు ఆ గొప్ప చెందదు. ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూలు ఆ పనిని ఖర్చు లేకుండా చేయగలదు: ప్రతి పీరియడ్ మొదటి అయిదు నిమిషాల్లో నిన్నటి పాఠం మీద రెండు ప్రశ్నలు, పోయిన నెల పాఠం మీద ఒకటి. మార్కులు వేయనక్కర్లేదు, పిల్లలను వరుస పెట్టి అవమానించనక్కర్లేదు. జవాబు రాయించి, సరైనది బోర్డు మీద చూపిస్తే చాలు.

ఇంటి దగ్గర అమ్మానాన్నలు చేయగలిగింది ఇంకా సులువు. వాళ్లకు చదువు రాకపోయినా ఫరవాలేదు. "ఎన్ని గంటలు చదివావు?" అని అడగడం మానేసి, రోజూ అన్నాలు తిన్నాక పదిహేను నిమిషాలు కేటాయించి, "ఈ రోజు బడిలో ఏం చెప్పారో నాకు అర్థమయ్యేలా చెప్పమ్మా" అని పక్కన కూర్చోండి. ఇది మార్చి దాకా ఆగే పని కాదు, ఈ రాత్రే మొదలుపెట్టండి.