బడిపిల్లాడి సినిమాలో నవ్వు ఎవరి పక్షం?

బడిలో తోటివాళ్లు ఏడిపిస్తుంటే లోలోపల కుమిలిపోయే పిల్లాడు ఒకనాటికి ధైర్యం తెచ్చుకుని ఎదురు నిలుస్తాడు. ఇంటిల్లిపాదీ కలిసి చూసే హాస్యచిత్రానికి ఇంతకంటే చక్కని కథ దొరకదు. 1984 నాటి ‘కరాటే కిడ్’ తర్వాత అది ఎన్ని రూపాల్లో వచ్చిందో! చూసినవాళ్లంతా పిల్లాడు గెలిచాడా లేదా అని అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది: ఆ సినిమా ఎవరిని చూసి మనల్ని నవ్వమంటోంది? రెండు గంటలు వాడి లావునీ నత్తినీ యాసనీ చూపించి నవ్వించి, ఆఖరి పది నిమిషాల్లో వాడి చేత ఒక గుద్దు గుద్దించి చప్పట్లు కొట్టిస్తే, హాల్లోని పిల్లలు నేర్చుకుని వెళ్లేది ఏడిపించే విద్యే. మన సినిమాల్లో కామెడీ ట్రాకు దశాబ్దాలుగా చేసింది ఇదే. నల్ల రంగు, బట్టతల, పొట్టితనం, మాట తడబాటు అన్నీ అక్కడ సిద్ధంగా దొరికే నవ్వులు. తెర మీద పుట్టిన మారుపేరు తరగతి గదిలోకి నడిచి రావడానికి ఎన్నో రోజులు పట్టదు.

నవ్వును పిల్లాడి పక్షాన నిలబెట్టవచ్చని 2024 సెప్టెంబరులో విడుదలైన ‘35 – చిన్న కథ కాదు’ రుజువు చేసింది. నందకిశోర్ ఈమాని తీసిన ఈ తిరుపతి కథలో లెక్కల మాస్టారు చాణక్య వర్మ పిల్లల్ని పేరుతో పిలవడు, వచ్చిన మార్కుతో పిలుస్తాడు. అరుణ్ అక్కడ ‘జీరో’. విలువే లేని సున్నా ఒకటి పక్కన చేరగానే పది ఎలా అవుతుందన్నది వాడి సందేహం. దాన్ని మొద్దుతనంగా చూపించి నవ్వులు రాబట్టడం దర్శకుడికి చిటికెలో పని. ఆయన ఆ దారి పట్టలేదు. అది నిజంగా మంచి ప్రశ్న అని మనకు తోచేలా, జవాబు చెప్పలేని మాస్టారే ఇరుకున పడేలా కథ నడిపాడు. పదో తరగతి తప్పిన తల్లి సరస్వతి కొడుకు కోసం మళ్లీ లెక్కలు పట్టుకోవడంలోనూ వెటకారం లేదు. ఇక్కడ ఏడిపించేది తోటి పిల్లలు కాదు, మాస్టారు కదా అనవచ్చు. కానీ మాస్టారు ఒక పిల్లాడికి పేరు పెట్టాడంటే, ఆ పేరుతో వాణ్ని వెక్కిరించే అనుమతి తరగతి మొత్తానికీ ఇచ్చినట్టే. 2009 విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ దెబ్బలనే కాదు, మానసిక వేధింపునూ నిషేధించింది. పిల్లాణ్ని సున్నా అని పిలవడం ఆ నిషేధం కిందికి వస్తుందన్న స్పృహ మన బళ్లలో ఇంకా కలగాల్సే ఉంది.

ఇలాంటి సినిమా ఒకటి లాడ్ బజార్ నుంచి రావాలి. చార్మినార్ పడమటి పక్కన మెరిసే ఆ వీధిని కెమెరాలు ఎన్నోసార్లు చూశాయి, కాకపోతే పెళ్లి షాపింగు పాటల కోసం, రంజాన్ రాత్రుల వెలుగుల కోసం. బొగ్గుల సెగ మీద లక్కను మెత్తబరిచి, గుండ్రంగా వంచి, ఒక్కో రాయిని చేత్తో అద్దే ఇంట్లో పెరిగే పిల్లాడు ఆ కెమెరాలకు ఆనలేదు. ఇక్కడి లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది గానీ, వాటిని చేసే ఇంటి పిల్లాడికి తెర మీద గుర్తింపు దక్కలేదు. ఆ పిల్లాడు ఇంట్లో దక్కనీ ఉర్దూ, వీధిలో తెలుగు, బడిలో ఇంగ్లీషు మాట్లాడాలి. మూడింటి మధ్యా వాడి నాలుక తడబడితే బెంచీలన్నీ నవ్వుతాయి. తెలంగాణ యాసను చాలాకాలం రౌడీకో కమెడియన్‌కో అంటగట్టిన తెలుగు సినిమా ఆ నవ్వుకు బాధ్యత తప్పించుకోలేదు. 2006లో వచ్చిన ‘ది అంగ్రేజ్’ ఇదే పాతబస్తీ మాటను తీసుకుని నవ్వు దిశ మార్చింది. చార్మినార్ దగ్గర కూర్చుని కోతలు కోసే ఇస్మాయిల్ భాయ్‌ని చూసి జనం విరగబడి నవ్వారు. ఆ నవ్వు అతని గొప్పలకు తగిలింది గానీ అతని భాషకు తగల్లేదు. దక్కనీ మాట్లాడే కుర్రాళ్లే అందరికంటే గట్టిగా నవ్వుకోగలిగిన సినిమా అది.

గాజుల కథలో దాచకూడని సంగతి ఇంకోటి ఉంది. 2015 జనవరిలో పాతబస్తీ గాజుల కార్ఖానాల నుంచి పోలీసులు 200 మందికి పైగా పిల్లల్ని విడిపించారు. చాలామంది బిహార్ నుంచి తెచ్చిన పిల్లలు. బడిలో ఏడిపించడం గురించి తీసే సినిమాలో అసలు బడే దక్కని పిల్లాడికి చోటుండాలి. అంత బరువును హాస్యం మోయగలదా అంటే, 2011లో అమోల్ గుప్తే తీసిన ‘స్టాన్లీ కా డబ్బా’ మోసింది. పిల్లల డబ్బాల మీద పడి తినే మాస్టారి నుంచి తప్పించుకోవడానికి తరగతి పిల్లలంతా రోజుకో చోటుకి మారి, డబ్బా తెచ్చుకోని స్టాన్లీతో కలిసి తింటారు. నవ్వంతా ఆ దాగుడుమూతల్లోనే. వాడు బడి అయ్యాక హోటల్లో పనిచేసే పిల్లాడని చివరికి తెలిసినప్పుడు, అప్పటిదాకా నవ్వినందుకు మనకు సిగ్గు వేయదు. ఎందుకంటే మనం వాణ్ని చూసి నవ్వలేదు.

ప్రతి జోకునూ ఇలా తూకం వేస్తే హాస్యమే మిగలదని సినిమా వాళ్లు అంటారు. పై మూడు సినిమాల్లో దేనిలోనూ నవ్వుకు కొదవ లేదు. ఇంకో వాదన ఇంటింటా వినిపిస్తుంది: పిల్లలన్నాక ఏడిపించుకుంటారు, అలాగే రాటుదేలతారు, తిరగబడి కొట్టే సినిమా చూస్తే ధైర్యమైనా వస్తుంది. ఈ ధైర్యం మాట నాకు భయం కలిగిస్తుంది. బక్కపిల్లాడి మీద నలుగురు పడితే, దాన్ని ఆపే బాధ్యత కూడా ఆ బక్కపిల్లాడి మీదే వేస్తున్నాం. కొట్టలేకపోయినవాడికి తాను పిరికివాణ్నన్న అవమానం అదనం. 2001లో వెలువడిన ఒక కెనడా పరిశోధనలో బడి ఆవరణల్లో పిల్లల్ని కెమెరాలతో గమనించారు. చుట్టూ ఉన్న పిల్లల్లో ఎవరో ఒకరు అడ్డుపడిన సందర్భాల్లో సగానికి పైగా, వేధింపు పది సెకన్లలోనే ఆగింది. కానీ అలా అడ్డుపడటమే అరుదు. మరి మన సినిమా వీరుడిగా చూపించాల్సింది పక్క బెంచీ పిల్లాణ్ని కాదా? దెబ్బతినేవాడి దగ్గరికి నడిచి వెళ్లే ఆ రెండు అడుగుల్లో ఎంత బెరుకు, ఎంత హాస్యం, ఎంత కథ ఉన్నాయో మన రచయితలు ఇంకా తవ్వి చూడలేదు.

‘35’లో తల్లి పాత్ర పోషించిన నివేదా థామస్‌కు తెలంగాణ ప్రభుత్వం 2025లో ఉత్తమ నటిగా గద్దర్ అవార్డు ఇచ్చింది. అవార్డుతో పాటు పెట్టుబడి కూడా కావాలి. పిల్లల చిత్రాలకు నిర్మాత దొరకడం కష్టం. బాలల చలనచిత్ర సంస్థ 2022లో జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థ (ఎన్‌ఎఫ్‌డీసీ)లో కలిసిపోయాక ఆ ఒక్క తలుపూ ఇరుకైంది. రాష్ట్ర చలనచిత్ర అభివృద్ధి సంస్థ ఏటా కనీసం ఒక పిల్లల హాస్యచిత్రానికి డబ్బు పెట్టి, దాన్ని ప్రభుత్వ బడుల్లో ప్రదర్శించే బాధ్యత తీసుకోవాలి. గుప్తే శనివారాల్లో వర్క్‌షాపుల రూపంలో, పిల్లల చదువు చెడకుండా షూటింగు చేసుకున్నాడు. లాడ్ బజార్ చుట్టుపక్కల బడుల్లోనూ అలా చేయవచ్చు. నటులు అక్కడే ఉన్నారు, వాళ్ల మాట వాళ్ల దగ్గరే ఉంది.