మాటకు ముందు భావ ముండునా?

ఏనుగు లక్ష్మణకవి పద్యముల పుణ్యమా యని భర్తృహరి నామము తెలుగుదేశమున బడిపిల్లలకు సైతము పరిచితమై యున్నది. ఆ సుభాషితకర్తయే వాక్యపదీయము రచించిన వైయాకరణుడని సంప్రదాయము చెప్పును, చరిత్రకారు లందఱు నంగీకరింపరు. ఆ తగ వెట్లున్నను, ఈ రెండవ గ్రంథము జోలికి బోవువారు మనలో మిక్కిలి యరుదు. క్రీస్తుశకము 5వ శతాబ్దమునాటిదని పలువురు తలంచు నా గ్రంథమున, శబ్దము వెన్నంటి రాని జ్ఞానము లోకమున లేనే లేదనియు, అర్థమునకు నిలయము పదము గాక వాక్యమే యనియు, పదములు శిష్యుల సౌకర్యార్థము వాక్యమునుండి విడదీసి చూపిన కల్పనలనియు సిద్ధాంతము చేయబడినది. నిఘంటువును ముందు బెట్టుకొని వ్యాసములు వ్రాయువారి కిది మింగుడు పడదు.

భావము తమకు స్పష్టముగనే యున్నదనియు, మాటలు మాత్రము కుదురలేదనియు, మేమే సవరించి ప్రకటింపవలయుననియు జాబులు వ్రాయు రచయితలు మాకు గలరు. వాక్యమును సరిచేయబోగా భావమే మాఱిపోవును. మాఱినది తమ భావము గాదని వారు మఱియొక జాబు వ్రాయుదురు. ఆ మాట నిజమే.

పసివాడు భాష నేర్చు తీరును మీమాంసకు లెంత దగ్గఱగా గమనించిరో చూడదగును. తాత "ఆవును దెమ్ము" అనును. యువకు డొకడు పోయి గంగడోలు గల జంతువును తోలుకొని వచ్చును. ప్రక్కన నాడుకొనుచున్న బిడ్డ మాటను వినును, పనిని జూచును. అప్పటి కాతనికి దెలిసినది పదము గాదు, ఆ పలుకు మొత్తమునకును ఆ పనికిని గల సంబంధము. పిదప "ఆవును గట్టుము", "గుఱ్ఱమును దెమ్ము" అని వినిన కొలదిని, ఏది వచ్చినపు డేది మాఱెనో పోల్చుకొని, యొక్కొక్క పదమున కొక్కొక్క యర్థమును బంచిపెట్టుకొనును. ఇంతవరకు తగవు లేదు. పదములు తమ యర్థములను విడివిడిగా జెప్పిన పిమ్మట నవి కూడునని కుమారిలభట్టును, కూడిన యర్థములనే పదములు చెప్పునని ప్రభాకరుడును వాదులాడిరి; పిల్లలున్న యింట నొక పూట గడపినవాడు ప్రభాకరునివైపే మొగ్గును.

ఇందఱికిని ప్రతిపక్షి బౌద్ధతార్కికుడైన దిఙ్నాగుడు. ఆతని మతమున, పేరు తగులక ముందటి చూపే ప్రత్యక్షము. దానిని నామము, జాతి మొదలగువానితో ముడివేయుట కల్పన. గోవను మాటయు గోవును జూపదు, గోవు కానివానిని తొలగించి యూరకుండును. వినిన వెంటనే యిది భర్తృహరికి గొడ్డలిపెట్టని తోచును గాని, నిదానించి చూచినచో, ఆలోచన మాటతో ముడివడియే యుండునని యిరువురు నొప్పుకొన్నవారే. ఆ ముడి వెలుగనువా డొకడు, తెర యనువా డొకడు. మా రచయితల మాటలేని భావమునకు మాత్ర మిరువురిలో నెవ్వరును సాక్ష్యము పలుకరు.

గద్యము వ్రాయునపుడు మేము భర్తృహరి పక్షమువారము. కవిత్వము చదువునపు డంత ధీమా నిలువదు: వాన యను మాట నోటికి రాగానే, చూరుకొసన వ్రేలాడుచున్న చినుకును జూచుట మానివేయు మావంటివారిపై దిఙ్నాగుని యాక్షేపణ గట్టిగనే తగులును. 7వ శతాబ్దమున వచ్చిన చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగు, ఆంధ్రదేశమున వేంగి ప్రాంతపు టొంటికొండపై దిఙ్నాగుడు తర్కగ్రంథము రచించెనని వ్రాసియుంచినాడు. ఆ తార్కికుని మతమును సుబోధమైన తెలుగున వివరించు వ్యాసము నెవ్వరైన బంపినచో, వైయాకరణుల సమాధానముతో గూడ ప్రకటింతుము.